మాష్టారి బీరువా

ముందు గదిని ఆదివారం ఖాళీ చేయించి, వారం తిరక్కుండా అందులో నూడుల్స్ కొట్టు తెరవాలని విలై పట్టుదల. డేగిసాలు కొన్నది, బల్లలకు బయానా ఇచ్చింది. అడ్డం ఒక్కటే. ఈ ఇల్లు వీళ్లకు అమ్మి చియాంగ్‌రాయ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయిన ఖంపన్ మాష్టారు తన టేకు బీరువాను ఆ గదిలోనే వదిలేశారు. దాని ముందు మనిషి పక్కకు తిరిగి నడవాలి.

"పాత సామాన్లు కొనే దేచా వస్తున్నాడు. ఎంతిస్తే అంతకి వదిలించుకోండి. కథలు చెప్పకండి," అంది విలై.

"కథ లేకపోతే అది ఉత్త కట్టె," అన్నాడు ఆమె మొగుడు ప్రయూన్. లాంపాంగ్ బస్టాండులో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. నలుగురితో మాట్లాడే అవకాశం పోయిందని బెంగ.

దేచా వచ్చాడు. తలుపు మీద వేళ్లతో తట్టాడు. "కర్ర మంచిదే. ఎవరిది?"

"ఈ ఇంటి మాష్టారిది. ప్రాణంలా చూసుకున్నారు, చివరి ఊపిరి దాకా."

దేచా చెయ్యి ఆగింది. "ఊపిరి ఎక్కడ పోయింది?"

బేరం పెరుగుతోందనుకున్నాడు ప్రయూన్. "ఇదిగో, ఇక్కడే. ఈ తలుపు పట్టుకునే."

దేచా గబుక్కున చెయ్యి తీసేసి, రెండు చేతులూ జోడించి బీరువాకు వంగి నమస్కారం పెట్టాడు. "తెలియక ముట్టుకున్నానండీ, ఏమనుకోకండి," అని బీరువాకే చెప్పి, దానికి వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటూ వ్యాను దాకా వెళ్లిపోయాడు.

కంచె అవతల బట్టలారేస్తున్న బువాలోయ్ పిన్ని ఇదంతా విన్నది. మధ్యాహ్నానికి అగరొత్తులు, పౌడరు డబ్బా పట్టుకుని దిగింది.

"మాష్టారు పోయారా? ఒక్కమాట చెప్పొద్దటయ్యా. సరేలే, లాటరీ నంబరేమన్నా చెప్పారా?"

పోయినవాళ్లు కర్ర గీతల్లో నంబరు చూపిస్తారని ఊళ్లో నమ్మకం. తలుపు మీద పౌడరు రుద్ది, కళ్లు చికిలించి చూసింది. టేకు గీతల్లో ఆమెకు ముప్పై ఎనిమిది కనబడింది. లాటరీ ప్రతి నెలా ఒకటిన, పదహారున తీస్తారు. ఆ పదహారున చివరి రెండంకెలు సరిగ్గా అవే వచ్చాయి.

ఆ మర్నాటి నుంచి ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు. బీరువాకు బంతిపూల దండలు, దాని ముందు నైవేద్యంగా ఎర్ర సోడా సీసాలు. విలై కొన్న డేగిసాల్లో జనం అగరొత్తులు గుచ్చారు.

"నిజం చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది విలై, మొగుణ్ణి వంటింట్లోకి లాగి.

ప్రయూన్ బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "మాష్టారు బతికే ఉన్నారు. నేనే అబద్ధమాడాను."

జనం జాలిగా చూశారు. "చెప్పొద్దని ఆయనే ఆన పెట్టుంటారు," అంది బువాలోయ్ పిన్ని. "పాపం, ఎంత నలిగిపోతున్నాడో చూడండి."

ఈలోగా చియాంగ్‌రాయ్‌లో మాష్టారి కూతురికి పరామర్శ ఫోన్లు మొదలయ్యాయి. మూడో రోజు మాష్టారే బస్సెక్కి వచ్చేశారు. గుమ్మంలో ఆయన్ని చూడగానే గదంతా మోకాళ్ల మీద కూర్చుంది.

"లేవండర్రా, నేను చావలేదు," అన్నారు మాష్టారు. "డెబ్బై ఆరేళ్లు నాకు. గుండ్రాయిలా ఉన్నాను."

డెబ్బై ఆరు. పెన్ను ఉన్నవాళ్లు అరచేతుల్లో రాసుకున్నారు.

మాష్టారు ప్రయూన్ వైపు తిరిగారు. "నన్ను చంపితేగాని అది అమ్ముడుపోదనుకున్నావా?"

ప్రయూన్ తల దించుకున్నాడు. "తప్పైపోయిందండీ. చచ్చినవాళ్ల సామానంటే బాగా పాతదనుకుని ఎక్కువిస్తారని..."

"ఇక్కడుంటే ఇంకెన్నిసార్లు చంపుతావో. నాతో పట్టుకుపోతాను."

అంతవరకు బీరువాను అంగుళం కదలనివ్వని జనం, స్వయంగా ఆయనే అడిగేసరికి నేను ముందంటే నేను ముందని భుజాలు పట్టారు. గంట తిరక్కుండా అది లారీ ఎక్కింది. ఖాళీ అయిన గదిని విలై మూడుసార్లు తుడిచింది, అవసరం లేకపోయినా. అనుకున్నదానికి నెల ఆలస్యంగా కొట్టు తెరిచింది.

ఒకటో తారీఖు ముందురోజు ప్రయూన్ గిన్నెలు కడుగుతుంటే మాష్టారి నుంచి ఫోను వచ్చింది.

"మీ ఊరివాళ్లు రెండు వ్యాన్లలో మా ఇంటికొచ్చి కూర్చున్నారయ్యా. డాక్టరు బీపీ చూస్తుంటే చుట్టూ మూగి ఎంతుంది ఎంతుందని ఒకటే గోల. నువ్వేం చేశావో చూడు."

ప్రయూన్ సిగ్గుతో చచ్చిపోయాడు. క్షమించమన్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంతకీ ఎంతుందండీ?"