ఉపగ్రహం చూసిన బేశరమ్

భిలాయిలో ఇకమీదట సిగ్గులేని మొక్క ఒక్కటి కూడా మిగలదని పరాయి మొక్కల నిర్మూలన సమితి చైర్మన్ గురునాథరావుగారు వైశాలి నగర్ కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. ఆ మొక్క తెలుగువాళ్లకి తూటికాడ, హిందీవాళ్లకి బేశరమ్, అంటే సిగ్గులేనిది. ఎక్కడినుంచో వచ్చి, పీకినచోటే మళ్లీ లేచి, చెరువులూ నాలాలూ ఆక్రమిస్తుంది కాబట్టి దానికా పేరు. మూడు పార్టీలు మారినా పదవి మారని గురునాథరావుగారికి దాని స్వభావం క్షుణ్ణంగా తెలుసు.

“ఇదివరకు మనుషులు వెతికేవారు. ఇప్పుడు ఉపగ్రహం వెతుకుతాది. మ్యాప్‌లో ఎర్రగా ఉంటే బేశరమ్, పచ్చగా ఉంటే వనం,” అన్నారాయన. చప్పట్లు మోగాయి. ఆగాక సమోసాలు వచ్చాయి.

ఉపగ్రహం చెప్పినదాన్ని నేలమీద సరిచూడ్డానికి రజనీకుమారిని ఆరు నెలలకి తీసుకున్నారు. దుర్గ్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్ ఆమె. కొత్త హోదా గ్రౌండ్ ట్రూత్ ఆఫీసర్. నిజానికంటూ ఒక ఆఫీసరుంటుందని, అది తన కూతురేనని వాళ్ల నాన్న వీధంతా చెప్పుకున్నాడు.

మొదటి ఎర్రమచ్చ కోహ్కాలో, నాలా ఒడ్డున. ఫోను చూపించినచోట బేశరమ్ లేదు. చిలగడదుంప తీగలున్నాయి. వాటి మధ్య నూకమ్మ కలుపు తీస్తోంది. ఉక్కు ప్లాంటులో పనిచేసిన భర్త పోయాక ఆవిడ ఆ నేల చెక్కనే నమ్ముకుంది. రెండు మొక్కలదీ ఒకే కుటుంబమనీ, పైనుంచి చూసి పొరపాటు పడ్డారనీ రజని వివరించింది.

“ఏటి తల్లీ, నా సిలగడదుంపకి సిగ్గులేదంతన్నారేటి?” నూకమ్మ నడుం నిలబెట్టింది. “మట్టి కప్పుకుని కూకుందది. తవ్వితేగాని మొకం సూపించదు!”

రజని ఫోనులో ఫారం తెరిచింది. అందులో రెండే జవాబులున్నాయి: ‘బేశరమ్ ఉంది’, ‘చాలా ఉంది’.

ఏదీ నొక్కకుండా ఆమె పచ్చమచ్చల్లోకెల్లా పెద్దదైన చైర్మన్‌గారి హరితవనానికి వెళ్లింది. కిందటేడు మంత్రిగారు నాటిన మొక్కలు మేనెలలో మాడిపోతే, లెక్క తగ్గకుండా వాటి స్థానంలో ఎవరో బేశరమ్ కొమ్మలు గుచ్చారు. నీళ్లడగకుండా ఏపుగా పెరిగాయి.

“సార్, ఎర్రగా ఉన్నచోట చిలగడదుంప ఉంది. పచ్చగా ఉన్న మీ వనమంతా బేశరమే,” అని ఫోటోలు చూపించింది.

గురునాథరావుగారు నొచ్చుకోలేదు.

“దేఖో బేటీ, ఉపగ్రహం ఎంత ఎత్తునుంచి చూసింది?”

“ఏడెనిమిది వందల కిలోమీటర్లు సార్.”

“నువ్వు?”

“అయిదడుగుల రెండంగుళాలు.”

“మరి పైవాళ్లకి తెలీనిది నీకు తెలుస్తాదేటి?”

“నేను సంతకం పెట్టను సార్.”

“పరవాలేదమ్మా. నీ డిజిటల్ సంతకం మా దగ్గరే ఉంది.”

సోమవారం తొమ్మిదింటికి కోహ్కా ఎర్రమచ్చమీదికి జేసీబీ వస్తుందన్నారు. రజని ఆరింటికే గునపం పట్టుకుని నూకమ్మ దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ తవ్వగలిగినంత తవ్వి నాలుగు బుట్టలు నింపారు. జేసీబీ డ్రైవరు వచ్చి, దుంపల్ని చూసి ఇంజను ఆపేశాడు.

“అరే దీదీ, యే తో శకర్‌కంద్ హై!”

“ఆఫీసుకి చెప్పు భయ్యా,” అంది రజని.

అతను ఫోను చేశాడు. అవతల చెప్పింది విన్నాడు. తలొంచుకుని ఇంజను స్టార్ట్ చేశాడు.

నూకమ్మ కేకలు వెయ్యలేదు. ఒక దుంప తీసి అతని చేతిలో పెట్టింది. “ఇంటికాడ ఉడకేసుకో నాయనా. మీ సారు అడిగితే బేశరమ్ తిన్నానని సెప్పు.”

రజని మొహం పక్కకి తిప్పుకుంది.

జూలైలో మంత్రిగారి సమక్షంలో ఫలితాల సభ జరిగింది. రజని ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. తెరమీద ఉపగ్రహం పంపిన తాజా ఫోటో వేశారు. తెల్లగా మెరిసిపోతోంది. ఒక్క ఎర్రమచ్చ లేదు.

“నూటికి నూరుశాతం!” అన్నారు గురునాథరావుగారు గద్గద స్వరంతో.

“సార్, అది మబ్బు,” అంది రజని వెనక వరసలోంచి. హాలు రేకులమీద వాన దంచుతుండడంతో ఇంకోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది.

మంత్రిగారు ఆసక్తిగా తిరిగి చూశారు. “మబ్బు పరాయి మొక్కా?”

“కాదు సార్.”

“మరింకేం!”

మర్నాడు పేపర్లన్నీ ఆ ఫోటోని అరపేజీలో వేశాయి. అందులో ఒక్క మొక్క లేదు. భిలాయి కూడా లేదు.