కొండ దారిలో కాబోయే అల్లుడు

ఆ ఆదివారం పొద్దున అతను వేసుకున్న పథకం చిన్నదే. బస్సు కొండెక్కేలోగా, తాను పెళ్లాడబోయే ఆమెకు నిజం చెప్పేయాలి. కొండ మీద ఇంట్లో అతని తల్లి కాబోయే కోడలి కోసం కాచుకుని ఉంది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు.

అతను పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తాడు. మగాడికి అదేం పనంటూ బంధువులు నవ్వీ నవ్వీ అతన్ని సగం చంపారు. అందుకే ఓ పెళ్లి మండపం బయట ఆమె మొదటిసారి మాట కలిపినప్పుడు, పక్కనున్న లారీకి ఆనుకుని, తాను లారీ డ్రైవర్నని చెప్పేశాడు. ఆమె పిల్లలకు సంగీతం నేర్పుతానంది. ఏడాది పాటు ఆ లారీ అతని గుండెల మీదే నడిచింది.

తీరా బస్సులో ఇద్దరి మధ్యా ఆమె తండ్రి కూర్చున్నాడు.

"అంకుల్, ఒక్క నిమిషం సీటు మారతారా?"

"పెళ్లయ్యాక పక్కపక్కనే కూర్చుందురు గాని బాబూ," అన్నాడాయన.

సగం దారిలో డ్రైవర్ బస్సాపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. నలుగురూ కలిసి అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ.

"ఎవరికైనా పెద్ద బండి తోలడం వచ్చా?" అని అరిచాడు కండక్టర్.

ఆమె లేవబోయింది. తండ్రి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "మా కాబోయే అల్లుడు లారీ డ్రైవరు," అన్నాడు బస్సంతా వినబడేలా.

"నాకు నిన్నట్నుంచి నడుం నొప్పండి," అన్నాడతను.

"నడుంతో తోలతారా ఏంటి నాయనా?" అంది వెనక సీటు పెద్దావిడ.

మోసుకెళ్లినంత పని చేసి అతన్ని డ్రైవర్ సీట్లో కూలేశారు. జన్మలో సైకిల్ తప్ప తోలినవాడు కాడు. వెనక డ్రైవర్ మూలుగుతున్నాడు. బస్సంతా తన వైపే చూస్తుంటే నిజం చెప్పే ధైర్యం రాలేదు. ఏదైతే అదయిందని చేతికందిన మీట కిందికి తోశాడు. అది హ్యాండ్ బ్రేక్. బస్సు మెల్లగా వెనక్కి, లోయ వైపు జారసాగింది. జనం కేకలు పెట్టారు.

"నాకు రాదు," అన్నాడతను కళ్లు మూసుకుని. "నేను మేకప్ వేస్తాను. పెళ్లికూతుళ్లకి."

ఎవరో అతని కాలర్ పట్టి పక్కకు లాగారు. బస్సు కుదుపుతో ఆగింది. కళ్లు తెరిస్తే ఆమె స్టీరింగ్ ముందు ఉంది. కాలు బ్రేక్ మీద ఉంది.

"నాకు సంగీతం ఒక్క ముక్క రాదు," అంది ఆమె గేరు వేస్తూ. "బిల్డింగులు కట్టే చోట క్రేన్ నడుపుతా. అంతకుముందు బస్సు తోలేదాన్ని. అది చెప్తే సంబంధాలు రావని నాన్న చెప్పనివ్వలేదు. నువ్వెప్పుడు పాడమంటావోనని ఏడాదిగా నాకు నిద్ర లేదు."

"నువ్వెప్పుడు లారీ ఎక్కించుకోమంటావోనని నాకూ లేదు."

ఆమె నవ్వలేదు. మలుపు దాటాక మాత్రం, "మీ అమ్మగారితో నా పని నేనే చెప్తా," అంది.

కొండ మీది ఆస్పత్రి వాళ్లు డ్రైవర్‌ను బతికించారు. ఆస్పత్రి ముందు బస్సు దిగుతూ పెద్దావిడ ఆమె తండ్రి వైపు తిరిగింది. "ఇంతకీ తమరేం చేస్తుంటారు అన్నయ్యగారూ?"

ఆయన గబగబా ఆవిడ సంచి అందుకుని, "ముందు మీరు జాగ్రత్తగా దిగండమ్మా," అన్నాడు.