రేడియోలో మనుషులు లేరు, ఎంత హాయి!

రేడియో స్టేషన్లో మనిషన్నవాడు ఉండకూడదు! ఉన్నాడంటే చెడగొడతాడు. కావాలంటే మా ఊరు ఐరన్ పాయింట్‌కి వచ్చి వినండి.

మా ‘సాఫ్ట్ లేక్ రేడియో’ది డెబ్బై ఏళ్ల చరిత్ర. మొదట్లో పోల్కా డాన్సు పాటలు, హాకీ స్కోర్లు, తప్పిపోయిన కుక్కల ఆనవాళ్లు. తర్వాత నలభై దాటినవాళ్ల కోసం మెత్తమెత్తని ప్రేమపాటల స్టేషన్ అయింది. పాటల మధ్యలో డేల్ హార్యు అనే ఆయన ముప్ఫై ఏళ్లు వాగాడు. ఎవరి పుట్టినరోజు, ఎవరి కారు మంచులో దిగబడింది, ఎవరి పిల్లి ఈనింది... ఎంత న్యూసెన్స్!

నిరుడు ఎక్కడో దూరపు కంపెనీ స్టేషన్ని కొనేసింది. డేల్‌ని ఇంటికి పంపి కంప్యూటర్ని కూర్చోబెట్టింది. ఇప్పుడు రెండొందల పదకొండు పాటలు, రోజూ అదే వరస. గడియారాలతో పనే లేదు! శాక్సఫోన్ పాట వచ్చిందంటే టైము పది ఇరవై, బీపీ మాత్ర వేసుకోవాలి. మా పళ్ల డాక్టరు రెండు పాటలకో పన్ను పీకుతాడు. నవంబరు ఒకటి నుంచి మాత్రం అన్నీ క్రిస్మస్ పాటలే. ఆ రెండు నెలలూ ఎవరికీ టైము తెలీదు, ఊరంతా బీపీ.

కిటికీ దాకా మంచు పేరుకున్న రోజున కూడా “చక్కటి ఎండ, బీచ్‌కి వెళ్లండి” అంటుంది కంప్యూటరు. ఇంత ఆశావాదం ఏ మనిషికుంటుంది చెప్పండి?

ఈ సుఖం అర్థం కానిది మా పక్కింటి వెర్నా నియెమీ గారికే. ఏటా వాళ్ల పెళ్లిరోజున డేల్ ఆవిడ పేరూ వాళ్లాయన పేరూ చదివి, వాళ్లకిష్టమైన వాల్ట్జ్ డాన్సు పాట వేసేవాడు. మొన్న గురువారం యాభయ్యో పెళ్లిరోజు. వాళ్లాయన టోయివో పొద్దున్నే సూటు తొడుక్కుని రేడియో ముందు కూర్చున్నాడు.

“అక్కడ మనిషి లేడయ్యా, కంప్యూటరు!” అందావిడ.

“దానికే చెప్పి చూడవే. యాభై ఏళ్లు నాతో వేగావు, అదో లెక్కా?”

ఆవిడ యాలకుల రొట్టె పట్టుకుని స్టేషన్‌కి బయల్దేరింది. కారు నడిపింది నేనే, కాబట్టి నేరంలో నాకూ వాటా ఉంది. తలుపు తీసింది లొరేన్, గురువారాలు ఊడ్చి తుడిచే ఆవిడ.

“ఎవరూ లేరమ్మా. నేనూ, దుమ్మూ!”

“ఆ మైకు పనిచేస్తుందా?”

“ఏమో, ఏడాదిగా దులుపుతున్నా, ఒక్కసారీ దగ్గలేదు.”

లొరేన్ కనిపించిన మీటలన్నీ నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. పాట ఆగిపోయి, ఊరంతటికీ వినిపించిన మొదటి మాట: “ఓరి దేవుడో, ఇదేంటి వెలిగిందీ?”

“టోయివో, వింటున్నావా? సూటు నలపకు, వచ్చేస్తున్నా,” అంది వెర్నా. వాళ్ల పాట కంప్యూటర్లో లేదు మరి, తనే పాడేసింది. శ్రుతి లేదు. రెండో చరణం మర్చిపోయి లల్లల్లా అంది. పళ్ల డాక్టరు కుర్చీలో పేషెంటు తెరిచిన నోరు తెరిచినట్టే ఏడ్చాడట! స్టేషన్ ఫోను నలభై సార్లు మోగింది. ఎవరో కుక్క తప్పిపోయిందన్నారు. లొరేన్ మైకులో చెప్పింది. కుక్క దొరికింది.

కంపెనీ మండిపడింది. కొత్త తాళం వేయించి, శుభ్రం చేసేవాళ్లకి తప్ప ఎవరికీ తాళంచెవి ఇవ్వకూడదని ఉత్తరం పంపింది. మంచి నిర్ణయం! నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

అందుకే ఊళ్లో పద్నాలుగు మందిమి శుభ్రం చేసే పనిలో చేరాం. జీతం అక్కర్లేదంటే కంపెనీ మురిసిపోయింది. డేల్‌కి పొద్దుటి డ్యూటీ. దుమ్మంతా మైకు చుట్టూనే ఉందట!