కాలవ మీద తేమ

కైరోలో, హీలియోపొలిస్ పేటలో, మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని రిటైర్డ్ కల్నల్ రిఫాత్ కందీల్ ఆ గురువారం పొద్దున తను చెయ్యాల్సిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇస్త్రీ కొట్టు నుంచి సూటు తేవాలి. క్షవరం చేయించుకోవాలి. మిఠాయి కొట్లో మామిడిపండు కునాఫా చెప్పి ఉంచారు, అది మధ్యాహ్నం నమాజు లోపల తెచ్చెయ్యాలి, లేకపోతే కొట్టువాడు మొహమాటం లేకుండా ఇంకొకరికి అమ్మేస్తాడు. సాయంత్రం పెళ్ళివారొస్తున్నారు. కూతురు లమీస్ సంబంధం ఈరోజు ఖాయం కావాలి. అందరూ కలిసి ఫాతిహా ప్రార్థన చదివి, షర్బత్ తాగితే మాట ఇచ్చి పుచ్చుకున్నట్టే.

పనులు మూడే అనుకుంటుంటే భార్య తహానీ ఫూల్ అనే ఉడికించిన చిక్కుడుగింజల గిన్నె, రొట్టెలు తెచ్చి ముందు పెట్టి నాలుగోది కలిపింది.

"జనరల్ షౌకత్ గారు తన రిపోర్టు గురించి చెప్తారు. చెప్పనివ్వండి. మీరు తల ఊపండి, అంతే. పిల్లకి ఆ అబ్బాయంటే ప్రాణం. మీ మూలంగా చెడిందో, నేను మా అక్క దగ్గరికి అలెగ్జాండ్రియా వెళ్ళిపోతాను."

"నేనెప్పుడు నోరు జారాను?" అన్నాడు రిఫాత్.

అదీ నిజమే. కొందరి నోట్లో నువ్వుగింజ నానదు. రిఫాత్ నోట్లో ఉసిరికాయ కూడా నానుతుంది. ఉద్యోగమంతా సరుకుల విమానాలు నడిపాడు. ఏ ఊరు వెళ్ళాడో, ఏం మోసుకెళ్ళాడో కట్టుకున్న భార్యకే తెలీదు. మెస్సులో ఏం తిన్నారని అడిగినా కాసేపు ఆలోచించి "మామూలే" అనేవాడు. ఒక్క ఆ రిపోర్టు మాటెత్తితే మాత్రం ఆయన మొహం వేపాకు నమిలినట్టయ్యేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ రిపోర్టు పెళ్ళికొడుకు హాజిమ్ తండ్రి షౌకత్ గారిది. వెనకటికి జూలై వచ్చిందంటే చాలు, పెద్ద కాలవ మీదుగా వెళ్ళే సరుకుల విమానాల్లో ఆయిల్ మీటరు ముల్లు ఉన్నట్టుండి పడిపోయేది. పైలట్లు కాలవ ఒడ్డునున్న చిన్న రన్‌వే మీద దిగిపోయేవాళ్ళు. మెకానిక్ వచ్చి చూస్తే అంతా సవ్యంగానే ఉండేది. అప్పట్లో విచారణ అధికారిగా ఉన్న షౌకత్ రెండేళ్ళు పరిశోధించి, కాలవ మీద తేమ మీటర్లోకి దూరి ముల్లుచేత అబద్ధం చెప్పిస్తోందని తేల్చాడు. దానికి పతకం వచ్చింది, పై హోదా వచ్చింది. ఇప్పటికీ పెళ్ళికెళ్ళినా పరామర్శకెళ్ళినా ఆ తేమ గురించి చెప్పకుండా ఆయన లేవడు.

రొట్టె తింటూ రిఫాత్ ఫోను తెరిచాడు, అయిదు నిమిషాలే అనుకుని. మాజీలూ తాజాలూ కలిసిన పైలట్ల గుంపు ఒకటుంది అందులో. ఎవరూ సొంత పేరు చెప్పకూడదు, దళం చెప్పకూడదు, విమానం చెప్పకూడదు. అలాంటప్పుడు ఎవడు నిజంగా ఎగిరాడో ఎవడు కుర్చీలో కూర్చుని ఎగిరాడో తేలేదెలా అంటే, తేలదు. అందుకే అక్కడ పొద్దస్తమానం అదే తగువు. రిఫాత్ అందులో "పాత డేగ".

ఆ పొద్దున "కుడి సీటు" అనే, ఇంకా ఉద్యోగంలో ఉన్న కుర్రాడొకడు రాశాడు. నిన్న ఒకానొక కాలవ మీద తమ ఆయిల్ మీటరు ముల్లు పడిపోయిందట, అంతా తేమేనట, ఒక పెద్దాయన ఆ సంగతి ఎప్పుడో తేల్చేశాడట. రిఫాత్ చేతిలో రొట్టె పక్కన పెట్టేశాడు. మీటరుకి ఏ రోగమూ లేదు నాయనా అని రాశాడు.

"మీరెన్ని గంటలు ఎగిరారండీ?" అన్నాడు కుర్రాడు.

"అది చెప్పకూడదు."

"ఏ విమానం?"

"అదీ చెప్పకూడదు."

"మరి చెప్పగలిగేదేమిటి?"

"మీటరుకి రోగం లేదని."

ఇంకేం, గుంపంతా మీద పడింది. ఈ పాత డేగ ఆకాశం మొహం చూసినవాడు కాదని ఒకడన్నాడు. టికెట్లమ్మే ఆఫీసులో గుమాస్తా అయ్యుంటాడని ఇంకొకడు. డేగా లేదు గీగా లేదు, మేడ మీద పావురాలు పెంచుకునే ముసలాయనేనని కుడి సీటు తేల్చాడు. దానికి నవ్వినవాళ్ళకి అంతు లేదు. ముప్పయ్యేళ్ళు గుట్టుగా బతికిన మనిషికి ఒళ్ళు మండిపోయింది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో తెలిసి కూడా రాయడం మొదలుపెట్టాడు.

పేర్లు లేకుండానే రాశాడు. ఒక కెప్టెన్. అతని భార్య ఆరో నెల గర్భిణి. ఇస్మాయిలియా తోటల్లో పండే ఉవేసీ మామిడిపండు తప్ప ఇంకేదీ నోట పెట్టనంది. కెప్టెన్‌కి దారిలో కాలవ తగిలింది, కాలవ పక్కన తోటలు తగిలాయి. "అప్పుడు మా ముసలమ్మ ఆయిల్ మీటరు ముల్లు పడలేదు, నేను పడిందన్నాను," అని రాసి, నాలిక్కరుచుకుని, 'నేను' కొట్టేసి 'ఆ కెప్టెన్' అని దిద్దాడు. మామిడి పెట్టెలు మూడు. ఒకటి ఇంటికి, ఒకటి టవర్లో ఉన్నవాళ్ళకి, ఒకటి మెకానిక్‌కి. ఇంకో మాట కూడా రాయబోయి, ఆగి, మానేశాడు. తేమ కాదు నాయనలారా, తీపి అని ముగించి వదిలాడు. ప్రాణం హాయిగా ఉంది. లేచి చెప్పులేసుకున్నాడు, ఇస్త్రీ కొట్టుకి బయల్దేరదామని.

ఫోను మోగింది. ఒకప్పుడు ఆయన పక్క సీట్లో ఎగిరిన వజ్దీ.

"ఒరేయ్ రిఫాత్, నా గుట్టు రట్టు చెయ్యడానికి నీకు మనసెలా ఒప్పిందిరా?"

"నీ గురించి కాదురా. అసలు అది నేనని నీకెవరు చెప్పారు?"

"విమానాన్ని ముసలమ్మ అని పిలిచేవాడు ఈ దేశంలో నువ్వు తప్ప ఎవడున్నాడ్రా? మా ఆవిడ చదివింది. 'నాకెప్పుడూ ఒక్క పండు తెచ్చింది లేదు, మరి ఆ పెట్టె ఎవత్తెకిచ్చావు' అని పొద్దుట్నుంచి ఒకటే రంధి. మా అమ్మకిచ్చానంటే నమ్మదు. పైగా మూడంటావేంటి, పెట్టెలు నాలుగు కదా."

"ఆ నాలుగోదాని మాట ఎత్తకు," అని రిఫాత్ ఫోను పెట్టేశాడు.

పెట్టేసేలోపే ఇంకొకరు. ఆ తర్వాత మరొకరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజుల్లో ఆ దారిన ఎగిరినవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ కెప్టెన్ నేనే కదా అని నిలదీశారు. ఒకాయన ఏడ్చినంత పని చేశాడు. ఒకాయన తను తెచ్చింది ఉవేసీ కాదనీ, వేరే రకమనీ, ఆ ముక్క దిద్దమనీ కోరాడు. తామిద్దరే చేశామనుకున్న తప్పు దళమంతా చేసిందని రిఫాత్‌కి అప్పుడు తెలిసింది. ఇస్త్రీ కొట్టువాడు మధ్యాహ్నానికి తలుపులేసుకుపోయాడు. కునాఫా ఏమైందో చెప్పనక్కర్లేదు.

అప్పుడొచ్చింది లమీస్, కళ్ళనిండా నీళ్ళతో.

"నాన్నా, హాజిమ్ ఫోన్ చేశాడు. వాళ్ళ పైలట్ల గుంపులో ఎవరో సిగ్గులేని ముసలాయన, వాళ్ళ నాన్నగారి రిపోర్టుని మామిడికాయల బుట్ట చేసి పారేశాడట. కుడి సీటు అన్న పేరుతో రాసేది హాజిమే. తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారికి చూపించాడు. ఆయన అన్నం కూడా తినకుండా కూర్చున్నారట. సాయంత్రం లోపల ఆ పాత డేగ ఎవరో కనుక్కోవాలి అంటున్నారట."

రిఫాత్ కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు. కూతురి కళ్ళలోకి చూడలేక ఫోనులోకి చూశాడు. రాసింది తీసేద్దామంటే, జనం జవాబులిచ్చాక అది గుంపు పెద్ద తీస్తేనే పోతుంది. ఆ పెద్దకి దణ్ణం పెట్టినట్టు రాసుకున్నాడు. పెద్ద చాలా తార్కికుడు. మీరు నిజంగా పైలట్ అయితే దళం గుట్టు బయటపెట్టారు గనక మిమ్మల్ని వెళ్ళగొట్టాలి, కాకపోతే అది కట్టుకథ గనక ఉంటే నష్టం లేదు, ముందు మీరెవరో తేల్చండి అన్నాడు.

ఇక దారి ఒక్కటే మిగిలింది. పొద్దుట్నుంచి దేనికోసం కొట్లాడాడో దాన్ని తన చేతులతో తనే పాతిపెట్టాడు. అయ్యలారా, నేను పైలట్‌ని కాను, విమానం లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు, కుడి సీటు బాబు చెప్పినట్టు పావురాలు పెంచుకునేవాణ్ణి, రాసిందంతా అబద్ధం అని ఒట్టు పెట్టి మరీ రాశాడు. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. మెకానిక్‌కి ఒక పెట్టె ఇవ్వాలన్న సంగతి ఆ సీట్లో కూర్చున్నవాడికి తప్ప ఎవడికి తెలుస్తుందని జనం సాక్ష్యాలిచ్చారు. పొద్దున గుమాస్తా అన్నవాడే ఇప్పుడు గురువుగారూ అని పిలిచాడు. ఆ మర్యాద పొద్దున దొరికుంటే ఎంత బావుండేది అనుకున్నాడు రిఫాత్.

సాయంత్రం పెళ్ళివారొచ్చేసరికి కునాఫా లేదు, క్షవరం లేదు. ఉద్యోగం రోజుల నాటి పాత సూటు తొడుక్కుని, బొత్తాం పట్టని పంట్లాం మీద కోటు కప్పుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు రిఫాత్. తహానీ ఆయన వైపు చూడటం మానేసి చాలాసేపైంది. జనరల్ షౌకత్ లోపలికొచ్చి, భార్య ఇనాయత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, టీ కప్పు ముట్టకుండా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. మొదటిసారిగా తేమ గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

చివరికి జనరల్ కొడుకుతో, చదువు అన్నాడు. హాజిమ్ ఫోను తీసి పాత డేగ రాసింది మొదట్నుంచీ చదివాడు. ఆరో నెల గర్భిణి, ఉవేసీ పండు తప్ప ఇంకేదీ ముట్టనంది అనే దగ్గరికొచ్చేసరికి తహానీ చేతిలో పళ్ళెం గల్లుమంది.

"మార్కెట్టంతా తిరిగి బేరమాడి తెచ్చానన్నారు కదండీ," అంది భర్తతో.

అంది గానీ, అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరవయ్యేడేళ్ళుగా ఆ బేరం కథ చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయిన మనిషి ఆవిడ. అందరూ రిఫాత్ వైపు తిరిగారు. లమీస్ మొహం పాలిపోయింది. హాజిమ్ నోరు తెరుచుకుని, తను పావురాలాయన అన్నది ఎవరినో గుర్తొచ్చి మూసుకున్నాడు.

"పెట్టెలు మూడని రాశావు," అన్నాడు జనరల్ నెమ్మదిగా. "మూడేనా?"

"మూడే ఫందిమ్," అన్నాడు రిఫాత్, దళంలో పై అధికారిని అయ్యా అన్నట్టే.

"బాగా గుర్తు తెచ్చుకో. నాలుగోది లేదూ?"

రిఫాత్ కూతురివైపు ఒకసారి చూశాడు. పంట్లాం పిగులుతున్నా లెక్కచెయ్యక నిటారుగా కూర్చున్నాడు.

"నేను పావురాలు పెంచుకునేవాణ్ణి ఫందిమ్. నాకు మూడుకి మించి లెక్క రాదు."

జనరల్ భుజాలు ముందు కొంచెం, తర్వాత బాగా ఊగాయి. ఆయన నవ్వుతున్నాడని తెలియడానికి ఆయన సొంత ఇంటివాళ్ళకే కాసేపు పట్టింది.

"ఇనాయత్, పిల్లని ఇక్కడే చేసుకుందాం. ఈ ఇంట్లో పడ్డ మాట బయటికి పోదు," అన్నాడు. తర్వాత రిఫాత్ మోకాలి మీద చెయ్యేశాడు. "బావగారూ, ఆ నాలుగో పెట్టె పొద్దుట్నుంచి నాకు అన్నం సయించనివ్వలేదు. ఎప్పుడు బయటపెడతావో అని. విచారణకొచ్చిన మొదటి వారమే ఆ మెకానిక్ దాన్ని నా జీపులో పెట్టాడు. నిజం రాస్తే దళంలో ఒక్కడికీ రెక్కలు మిగలవు. ఎవరి మీదో ఒకరి మీద నేరం మోపాలి కదా. తేమని సస్పెండ్ చెయ్యలేం."

ఆ పండ్లు పరిశోధన చేసినందుకు ప్రభుత్వం పంపిందని చెప్పారుగా అని ఇనాయత్ అడుగుతోంది గానీ ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు. తహానీ కళ్ళు తుడుచుకుంటూనే నాలుక ఆడిస్తూ శుభకార్యపు కేక పెట్టేసింది. అరచేతులు పైకి చాచి అందరూ ఫాతిహా చదివారు. షర్బత్ వచ్చింది. మార్కెట్ అబద్ధం సంగతి తర్వాత తేలుస్తానని తహానీ భర్త చెవిలో చెప్పింది గానీ, ఆయన గ్లాసులో షర్బత్ మాత్రం అందరికంటే ఎక్కువ పోసింది.

తీపి తినకుండా ఎలా వెళ్తారు, కునాఫా ఏదని లమీస్ అడిగింది. అప్పుడు హాజిమ్ కిందికి వెళ్ళి, కారులోంచి ఒక చెక్కపెట్టె మోసుకొచ్చి లమీస్ ముందు పెట్టాడు. మూత తియ్యగానే గదంతా ఉవేసీ మామిడిపళ్ళ వాసన.

"ఇంత మంచి పళ్ళు మార్కెట్లో రావట్లేదే. ఎక్కడివి బాబూ?" అంది తహానీ.

హాజిమ్ తండ్రిని చూశాడు, మామని చూశాడు, నేల చూపులు చూశాడు. "నిన్న కాలవ మీద... మా ఆయిల్ మీటరు ముల్లు..."

"తేమ," అన్నారు పెద్దలిద్దరూ ఒక్కసారే.

ఆ ఏడాది జూలైలో కాలవ మీద తేమ ఎన్నడూ లేనంత ఎక్కువగా ఉందని మర్నాడు పొద్దున పాత డేగ గుంపులో రాశాడు. ఈసారి ఎన్ని గంటలు ఎగిరారని ఎవరూ అడగలేదు.