కొంగలకు ఒంటికాలి పరీక్ష

సాయంత్రం వేళ. మబ్బు పట్టింది, చినుకు లేదు. ఒక పెద్ద అడవిలో ఏటి అవతల చెల్లెలింటికి వెళ్ళిన కుందేలమ్మ ఒకతి, నలుగురు పిల్లలతో ఇంటికి బయల్దేరింది. ఆ కుందేలమ్మను నేనే.

ఏరు దాటించడానికి నక్కబావ విమానాల కంపెనీ ఉంది. విమానమంటే బుట్ట. పైలట్ అంటే కొంగ. ముక్కుతో బుట్ట పిడి పట్టుకుని ఎగురుతాడు. టికెట్ చవక. అందుకే నక్కబావంటే నాకు తగని అభిమానం.

ఆ రోజు రేవులో గొడవ. పెద్దకొంగ ధవళయ్య బుట్ట ముట్టుకోనంటున్నాడు.

"తెల్లారినప్పట్నుంచీ ఎగురుతూనే ఉన్నాం బావా. ఒక్క కునుకు తియ్యనీ."

"నిద్రపోవడానికి ఇల్లుంది కదయ్యా," అన్నాడు నక్కబావ.

"ఇంటికి పంపిస్తేగా!"

నేను నోర్మూసుకోవచ్చు కదా. "ఏం కొంగన్నా, అలసట మీకేనా? ఒక్కో కాన్పుకి నలుగురైదుగుర్ని కనే జాతి మాది. ఎప్పుడైనా సమ్మె చేశామా?" అన్నాను. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. నాకు మహా హాయిగా అనిపించింది.

ఈలోగా భద్రతాధికారి తాబేలు కూర్మారావుగారు వేంచేశారు. పుట్టి బుద్ధెరిగాక నేల వదిలినవారు కారు. ఆయన పెట్టే పరీక్ష ఒకటే: కొంగ ఒంటికాలి మీద కదలకుండా నిలబడాలి. తూలితే అనర్హుడు.

ధవళయ్య నిలబడ్డాడు గానీ ఊరుకోలేదు. "అయ్యా, మా కాళ్ళు కాదు, కళ్ళు చూడండి!" అంటూ రెక్క ఊపాడు. తూలాడు.

"అనర్హుడు!"

పక్కన కుర్రకొంగ తల రెక్కలో దూర్చుకుని శిలలా నిలబడ్డాడు. ఈక కూడా కదల్లేదు.

"క్రమశిక్షణంటే ఇదీ!" అని మురిసిపోయారు కూర్మారావుగారు.

"చూశావా అక్కయ్యా, ఎంత నిబ్బరమో!" అన్నాడు నక్కబావ. నాకు నమ్మకం కుదరాలని అధికారితో సహా మా బుట్టలోనే ఎక్కాడు. ఎక్కి, "ఇక వాణ్ణి లేపండర్రా," అన్నాడు.

ఆ మాట నాకు వినపడింది. విని కూడా పిల్లల్ని ఎక్కించాను.

ఏటి నడుమ కుర్రకొంగ ఆవులించాడు. బుట్ట జారింది.

కూర్మారావుగారు డిప్పలోకి దూరిపోయారు. "ధవళయ్యా! అన్నా!" అని నక్కబావ గావుకేక పెట్టాడు. నేను పిల్లల మీద బోర్లా పడ్డాను.

అనర్హుడే వచ్చాడు. నీళ్ళు తగలబోతుండగా పిడి అందుకుని, మమ్మల్ని మా ఇంటివైపు రేవు బురదలో దించాడు.

నక్కబావ తోక దులుపుకుని, "అనర్హుడివై ఉండి ఎలా ఎగిరావు? సంజాయిషీ ఇవ్వు," అన్నాడు.

ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి తల రెక్కలో దూర్చుకున్నాడు. అది చూసి అక్కడున్న కొంగలన్నీ అలాగే నిలబడ్డాయి.

"ఏమిటిది? సమ్మెనా?"

"పరీక్ష బావా," అంది రెక్కలోంచి ఓ గొంతు.

కూర్మారావుగారు అందరినీ పరీక్షగా చూశారు. ఒక్కరూ తూలలేదు. ఏం చేస్తారు పాపం, అందరినీ పాస్ చేశారు. ఆ పూట మరి బుట్ట లేవలేదు.

నీతి: పైలట్ గొడవ చేస్తున్నాడంటే మెలకువగా ఉన్నాడన్నమాట, ధైర్యంగా ఎక్కండి.

ఇంటికొచ్చి లెక్కపెట్టుకున్నాను. పెద్దాడు, నడిపిది, చిన్నాడు, బుజ్జి. నాతో అయిదుగురం. ధవళయ్యా, ఆ కుర్రకొంగా గూటికి చేరారని కబురొచ్చాక, ఏడుగురం.