కింది అంతస్తు సంతకం

సోమవారం పొద్దున్న రుదైనా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా వంకాయలు ఉడికించి, నీళ్ళు కారిపోయేలా బరువు కింద పెట్టాలి. పదింటికి కింది అంతస్తుకు వెళ్ళి అబూ హిక్మత్ చేత ఒక సంతకం పెట్టించుకోవాలి. రెండింటికి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కాగితం, వంటగది, తను, ముగ్గురూ సిద్ధంగా ఉండాలి. వంకాయల పని అనుకున్నట్టే జరిగింది.

ఆమె చేసేది మక్దూస్. వేలెడంత చిన్న వంకాయలను ఉడికించి, పొట్ట చీల్చి, అక్రోటు పప్పు, ఎర్రమిరప, వెల్లుల్లి కూరి, ఆలివ్ నూనెలో ముంచి సీసాల్లో పెట్టడం. సల్త్ ఊళ్ళో ఆ వంట రాని ఇల్లాలు లేదు. రెండేళ్ళ కిందట, భర్త దావూద్ పోయిన ఏడాది, ఆమె తనకూ కొడుకు రాకాన్‌కూ, ఇద్దరికే సరిపడా వండడం చేతకాక ఎప్పటిలాగే ముగ్గురికీ, వచ్చేపోయేవాళ్ళకీ సరిపడా చేసింది. మిగిలినవి ఇరుగుపొరుగుకు పంచింది. వాళ్ళు ఖాళీ సీసాలు తెచ్చి మళ్ళీ కావాలన్నారు. అలా మొదలైంది. పొద్దున్నే లేవడానికి ఆమెకు ఒక కారణం దొరికింది. దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తోంది.

ఇప్పుడు చౌరస్తాలో కిరాణా కొట్టువాడు సీసాలు పెట్టుకుంటానన్నాడు, కానీ అనుమతి నంబరు లేనిదే కుదరదన్నాడు. ఇంట్లో వ్యాపారం చేసుకోవడానికి మున్సిపాలిటీవాళ్ళ నిబంధనలు రెండు పేజీలున్నాయి. గుమ్మానికి బోర్డు కట్టకూడదు. వ్యాపారం ఒక్క గది దాటి రాకూడదు. దానివల్ల వీధిలో బళ్ళూ జనమూ పోగవకూడదు. భవనంలో కాపురమున్న పొరుగువాళ్ళందరూ తమకు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి ఏ ఒక్క సంతకం తక్కువైనా ఆ దస్త్రం మూసేస్తారు.

పై అంతస్తు వాళ్ళు పెట్టారు. ఎదురు వాటా వాళ్ళు పెట్టారు. మిగిలింది కింది అంతస్తు.

అబూ హిక్మత్ సైనిక బ్యాండులో తిత్తివాద్యం, అంటే బ్యాగ్‌పైపు, ఊది రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ళపాటు ప్రతి సాయంత్రం తన గుమ్మంలో కూర్చుని దావూద్‌తో పాచికలాడాడు. దావూద్ పోయాక రుదైనా ఆ గుమ్మం దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఎదురుగోడ వైపు చూసుకుంటూ నడిచేది. రెండేళ్ళలో సలాం తప్ప మాటల్లేవు. ఆయనకు కోపమొచ్చిందని ఆమె నిశ్చయించుకుంది. అందుకే ఆ సంతకాన్ని ఆఖరిరోజు దాకా వాయిదా వేసింది.

తొమ్మిదిన్నరకు మరిది అబూ గాలిబ్ వచ్చాడు.

"ఒక్కదానివే వెళ్తావా వదినా? అదీ ఆయన దగ్గరికి?"

"సంతకమే కదా. పెన్ను కూడా నేనే తీసుకెళ్తాను."

"సంతకమే కదా అంటావేంటి! కాదన్నాడనుకో? ఒకసారి కాదన్న మాట బయటపడ్డాక దాన్ని మళ్ళీ ఆయన నోట్లోకి తొయ్యగలమా? కాదనడానికి సందులేకుండా అడగాలి. ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకొస్తా."

"ఇద్దరేనా?"

"ఇద్దరే. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టినప్పుడు అతను నిజాయితీగానే ఉన్నాడు. కాని ఆ ఇద్దరిలో మొదటివాడు హాజీ ముత్లక్. ఒక ఇంటికి వెళ్ళి ఏదైనా అడగాలంటే పదిమందికి తక్కువ కాకుండా వెళ్ళాలనీ, అంతకు తక్కువైతే ఆ ఇంటివాణ్ణి చిన్నచూపు చూసినట్టేననీ ఆయన నమ్మకం. ఆయన పిలిచిన పదిమందికీ తమ్ముళ్ళూ బావమరుదులూ ఉన్నారు. పిలవకపోతే వాళ్ళు ఏడాది పొడుగునా సాధిస్తారు.

ఒంటిగంటకు రుదైనా బాల్కనీలోంచి చూస్తే పదకొండు కార్లున్నాయి. ఒకటి రొట్టెల కొట్టుకు అడ్డంగా ఉంది, ఇంకొకటి మెట్లదారి మీదికి ముందుకాలు చాపింది. ఇరవైముగ్గురు మగవాళ్ళు ఇస్త్రీ పైవస్త్రాలు భుజాన వేసుకుని, గొంతులు సవరించుకుంటూ, వరస కట్టి లోపలికి నడుస్తున్నారు. వాళ్ళ నడక చూసి ఆమెకు కూడా గర్వమనిపించింది. అప్పుడు తన చేతిలో ఏదో రెపరెపలాడుతోందని గమనించింది. అది సంతకం పెట్టవలసిన కాగితం.

"అబూ గాలిబ్! కాగితం!" అని కేకేసింది.

అతను తలెత్తి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "అంతా దేవుడు చూసుకుంటాడు వదినా!" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మగవాళ్ళ రాయబారంలోకి ఆడవాళ్ళు వెళ్ళరు. రుదైనా మెట్ల మలుపు దాకా దిగి, ఓరగా తెరిచిన తలుపు దగ్గర నిలబడింది.

లోపల అబూ హిక్మత్ అప్పుడే కునుకులోంచి లేచినట్టున్నాడు, గొంతు ఇంకా గరగరలాడుతోంది. కాఫీ వచ్చింది. హాజీ ముత్లక్ గిన్నె అందుకుని, పెదవికి తాకించకుండా బల్ల మీద పెట్టేశాడు. మిగతావాళ్ళ గిన్నెలు గాలిలోనే ఆగిపోయాయి.

"అబూ హిక్మత్! మేం ఒక ఇంటి తరఫున వచ్చాం. ఎక్కడో దూరాన ఉన్న ఇల్లు కాదు, నీ నెత్తిమీద ఉన్న ఇల్లే. అన్నీ కుదిరాయి, నీ ఔను ఒక్కటే తక్కువ. నీకది చిన్న సంగతి. పైన ఉన్న ఆ తల్లికి అదే బతుకు. నువ్వు ఔననేదాకా ఈ కాఫీ నా గొంతు దిగదు."

ఏం అడుగుతున్నదీ హాజీ చెప్పలేదు. ఇంత పెద్ద రాయబారం దేనికొచ్చిందో ఇంటాయనకు ముందే కబురందే ఉంటుందని ఆయన అనుకున్నాడు. కబురు పంపవలసిన అబూ గాలిబ్, ఆ పని హాజీ చూసుకుంటాడనుకున్నాడు.

అబూ హిక్మత్ ఎదురుగా ఇరవైమూడు పైవస్త్రాలున్నాయి. లోపల ముప్పై నిండిన పెళ్ళికాని కూతురు లమీస్ ఉంది. నెత్తిమీద రుదైనా ఇంట్లో ముప్పైరెండు నిండిన పెళ్ళికాని కొడుకు రాకాన్ ఉన్నాడు. ఇంత జనం కదిలేది పిల్లనడగడానికే, ఒక సంతకం కోసం రావడం సల్త్‌లో ఎవరూ విని ఎరగరు. ఆయన లేచి నిలబడ్డాడు.

"తాగండి హాజీ. మీరు దేనికోసం వచ్చారో అది మీదే. అడక్కముందే ఇచ్చేశాను."

గిన్నెలన్నీ ఒక్కసారిగా లేచాయి. వంటింట్లోంచి అబూ హిక్మత్ భార్య జఘారీద్ ఎత్తుకుంది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుకాడించి చేసే ఆ సంబరపు కేక మూడంతస్తులూ తాకింది. పై అంతస్తావిడ సంగతేమిటో తెలియకుండానే బదులు కేక వేసింది. ఒక సంతకానికి ఇంత సంతోషించిందంటే ఎంత మంచి మనిషో అని రుదైనా కళ్ళు తుడుచుకుంది. లోపల, మాట ఖాయమైనప్పుడు చదివే ఫాతిహా ప్రార్థన చదివారు. వంకాయలకు కూడా ప్రార్థన మంచిదేనని హాజీ గొంతు కలిపాడు.

సరిగ్గా అప్పుడే రాకాన్ భోజనానికి వచ్చాడు. విద్యుత్ సంస్థలో పని, భుజాన పనిముట్ల సంచి. గుమ్మంలోనే పట్టుకుని లోపలికి లాగి, ఇరవైముగ్గురూ వరసగా బుగ్గల మీద ముద్దులు పెట్టారు.

"ముబారక్ నాయనా, ముబారక్!" అన్నాడు అబూ హిక్మత్.

"కుదిరిపోయిందా? అమ్మకి ఎంత సంతోషమో!"

"అమ్మకేనా? నీకు లేదూ?"

"నాకెందుకుండదు బాబాయ్? రెండేళ్ళుగా వెల్లుల్లి ఒలుస్తున్నది నేనే కదా."

"చూశారా, సిగ్గుతో ఏం మాట్లాడుతున్నాడో వాడికే తెలీడం లేదు," అన్నాడు అబూ హిక్మత్ మురిసిపోతూ, వాడి నోట్లో మిఠాయి పెట్టాడు.

పక్క తలుపులోంచి లమీస్ మెట్ల మీదికి వచ్చింది. మందుల షాపులో పనిచేసే పిల్ల, గట్టిగా మాట్లాడే అలవాటు లేదు.

"పిన్నీ, నన్ను ఇచ్చేశారు. ఎవరికో నీకు తెలుసా?"

"ఎవరికమ్మా?"

"నీ కొడుక్కి."

రుదైనా మెట్టు మీద కూలబడింది. కాగితం చాపింది. లమీస్ దాన్ని మందుసీసా మీది చీటీ చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో నా పేరెక్కడా లేదే."

"లేదు తల్లీ. వంకాయల పేరే ఉంది."

లమీస్ నవ్వు ఆపుకోవడానికి కాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. తర్వాత రుదైనా చెయ్యి పట్టుకుని లేపి, తనతో పాటు గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

"నాన్నా, వీళ్ళు దేనికోసం వచ్చారో అది ఇచ్చేశానన్నావు కదా?"

"అన్నాను. మాటంటే మాటే."

"అయితే ఇక్కడ పెట్టు సంతకం."

అబూ హిక్మత్ కాగితాన్ని చేయి చాచినంత దూరాన పట్టుకుని చదివాడు.

"వంకాయలా?"

"మరి నువ్వేమనుకున్నావు?" అన్నాడు హాజీ.

"నా ముగ్గురు చెల్లెళ్ళకి ఫోన్లు వెళ్ళిపోయాయి హాజీ! పెద్దది బట్టలు కుట్టించుకోడానికి బయల్దేరింది కూడా!"

"ఇంతకీ ఏమనుకున్నారు?" అన్నాడు రాకాన్. లమీస్ ముఖం చూశాక అతనికే అర్థమై, చేతిలో ఉన్న సగం మిఠాయి ఎక్కడ పెట్టాలో తెలియక సంచిలో వేసుకున్నాడు.

అబూ హిక్మత్ గుమ్మంలో నిలబడ్డ రుదైనా వైపు తిరిగి, ఊరి మర్యాద ప్రకారం కొడుకు పేరుతో పిలిచాడు. "దీనికి ఇరవైముగ్గురా ఉమ్ రాకాన్? పైవాళ్ళని నువ్వే అడిగావు. ఎదురువాళ్ళని నువ్వే అడిగావు. నీ పాదాల కిందున్నవాణ్ణి అడగడానికి మాత్రం ఊరంతా కావలసొచ్చింది. రెండేళ్ళయింది నువ్వీ గుమ్మం దగ్గర ఆగి."

కిటికీ కింద పాచికల పెట్టె మూసి ఉంది. దాని మీద దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది.

"ఆగలేకపోయాను," అంది రుదైనా. "అది కనిపిస్తుంది కదా."

ఆయన కూడా అటు చూశాడు. "నాకూ రోజూ కనిపిస్తుంది," అన్నాడు.

తర్వాత పెన్ను అడిగి సంతకం పెట్టాడు. పేరు కింద పూర్వపు హోదా కూడా రాశాడు.

సిరా ఆరకముందే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కారు ఎక్కడా పెట్టడానికి చోటు దొరక్క రెండు వీధుల అవతలినుంచి ఎత్తు ఎక్కి వచ్చాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. లోపలికి అడుగు పెడుతూనే దస్త్రం తెరిచి రాయడం మొదలుపెట్టాడు.

"పదకొండు కార్లు. రొట్టెల కొట్టు దారి మూసుకుపోయింది. మనుషులు..." లెక్కపెట్టుకుని, "ఇరవై దాటారు. ఏమ్మా, ఈ జనమంతా మీ వ్యాపారం కోసం వచ్చినవాళ్ళేనా?"

ఔనంటే నిబంధన మీరినట్టే, దస్త్రం మూతపడుతుంది. పెళ్ళి మాటలంటే పిల్ల పేరు మళ్ళీ వీధిన పడుతుంది. అబూ గాలిబ్ నేల చూపులు చూశాడు. తిత్తిలో గాలి పోయినట్టు అబూ హిక్మత్ బుగ్గలు జారాయి. రుదైనా నిజమే చెప్పడానికి నోరు తెరిచింది. ఆమెకు ఇంకో రకం చేతకాదు.

"ఈ రెండిళ్ళకీ రెండేళ్ళుగా మాటల్లేవండీ," అంది లమీస్. "పెద్దలు కలపడానికి వచ్చారు. ఇప్పుడే కలిపారు."

రుదైనా ఆ మాటలో ఎక్కడ సరిదిద్దాలా అని వెతికింది. దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.

ఇన్‌స్పెక్టరు రాసినదాన్ని కొట్టేశాడు. పైకి వెళ్ళి వంటగది చూశాడు. ఒక్కటే గది, బోర్డు లేదు, బరువు కింద వంకాయలు బుద్ధిగా ఉన్నాయి. దస్త్రం మీద ముద్ర గుద్ది కిందికి దిగాడు. అంత ఎండలో వచ్చినవాణ్ణి అలా పంపేస్తే ఇంటికి అవమానమని అబూ హిక్మత్ పట్టుబట్టి కూర్చోబెట్టాడు. అతని కోసం తాజాగా కాఫీ కాచారు.

ఇన్‌స్పెక్టరు గిన్నె అందుకున్నాడు. పొగలు కక్కుతున్న ఆ గిన్నెను పెదవి దాకా తెచ్చి, ఒక్క క్షణం ఆలోచించి, బల్ల మీద పెట్టేశాడు.

గది గదంతా నిటారుగా కూర్చుంది.

"హాజీ, నాదీ ఒక విన్నపం," అన్నాడు. "మా ఆవిడ ఇంట్లో కేకులు చేస్తుంది. మా భవనంలో నాలుగో అంతస్తాయన ఏడు నెలలుగా సంతకం పెట్టడం లేదు."

"నువ్వే ఇన్‌స్పెక్టరువి కదయ్యా!"

"అందుకే పెట్టడం లేదు."

హాజీ ముత్లక్ గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. "ఆయనకి పెళ్ళికావలసిన కూతుళ్ళున్నారా?"

"ముగ్గురు."

"అయితే ఈసారి కాగితం చేత్తో పట్టుకునే వెళ్దాం," అంటూ హాజీ లేచి పైవస్త్రం సర్దుకున్నాడు. అబూ హిక్మత్ తన పైవస్త్రం తెమ్మని భార్యకు కేకేశాడు. ఇరవైనాలుగోవాడు తనేనట. ఇన్‌స్పెక్టరు అప్పుడు గిన్నె తీసుకుని ఒక్క గుక్కలో తాగాడు.

ఆ రోజు ఆ ఇంట్లో కాఫీ వేడిగా తాగినవాళ్ళు ఒక్కరూ లేరు.