మనవడు నడిచిన కబురు

అసలది అబద్ధం కాదేమో, కాస్త ముందుగా అనేసిన నిజమేమో, ఎలాగూ రేపో ఎల్లుండో జరగబోయేదాన్ని నిన్న జరిగిందన్నాడు, అంతే కదా, చేను ఇంకా పచ్చగా ఉండగానే ఈ ఏడు గింజ బాగుందని జనం అనుకోరా... అనుకుంటూ జుమాదిల్ ముసలాయన మసీదు నుంచి ఇంటికి నడుస్తున్నాడు. కానీ చేను సంగతి ఎవరూ దేవుడికి నమస్కరించి, ఆ చేతులు ముఖానికి రాసుకుని, అదే నోటితో చెప్పరు. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ కాళ్ళు కూడా ఆగుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ ఆయన్ను చూసి ఎవరివో ఆవులు పక్కకు తప్పుకుని పోయాయి.

పొద్దున లేచినప్పుడు ఆయన తలపెట్టినవి రెండే పనులు. శుక్రవారం నమాజుకు వెళ్ళిరావడం, వచ్చాక చలి ముదరకముందే పొయ్యి గొట్టంలో మసి దులపడం. మొదటి పని చక్కగా ముగిసింది. బయటికొచ్చి మసీదు గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే ఒర్మోన్ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఒర్మోన్, ఆయన ఒకే కొండ మీద గొర్రెలు కాస్తూ పెరిగారు. అప్పటినుంచీ ఒర్మోన్ గుర్రం ఎప్పుడూ ఓ తల ముందే ఉండేది.

"ఏరా, మీ మనవడు బయేల్ ఇంకా నేల ఊడుస్తూనే ఉన్నాడా?" అన్నాడు ఒర్మోన్, మీసాల్లో నవ్వుకుంటూ. "మా మనవడు ఈ వయసుకే లేచి కోడిపుంజును తరిమాడు."

"నడిచాడు," అన్నాడు జుమాదిల్.

నోరు తనదే. మాట మాత్రం పక్కవాడెవడో అన్నట్టుంది. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. కానీ మాట ఒంటరిగా నిలబడలేక ఊగుతున్నట్టు తోచి, దానికి ఊతమిచ్చాడు. "నిన్ననే. నా కళ్ళముందే. పొయ్యి దగ్గర్నుంచి తిన్నగా నా ఒళ్ళోకి."

ఒర్మోన్ సందేహిస్తాడనుకున్నాడు, ఎకసెక్కమాడతాడనుకున్నాడు. రెండూ జరగలేదు. ఒర్మోన్ లేచి, ఒక కాలికే బూటున్న జుమాదిల్‌ను లేవదీసి కౌగిలించుకున్నాడు. "హమ్మయ్య! చూశావన్నమాట! ఇదిగో వినండయ్యా, జుమాదిల్ మనవడి నడక చూశాడు!"

మసీదు మొత్తం ఆ గుమ్మం దగ్గరే పోగైంది. నమాజు చేయించే మోల్దోగారు గడ్డం సవరించుకుని, "అయితే కాళ్ళ తాడు ఎప్పుడు కోయిస్తున్నావు?" అన్నారు. అడగక తప్పని ప్రశ్నే. బిడ్డ తొలి అడుగులు వేశాక తెలుపు నలుపు దారాలు పేనిన తాడుతో వాడి కాళ్ళు కట్టాలి, ఊరి పిల్లలకు పరుగు పందెం పెట్టాలి, గెలిచిన పిల్ల చేత ఆ తాడు కోయించాలి. లేకపోతే ఆ బిడ్డ బతుకంతా తడబడుతూనే ఉంటాడు. ఆదివారమని ఎవరో అన్నారు. ఆదివారమే బాగుంటుందని ఇంకెవరో అన్నారు. "పొట్టేలు నాది," అన్నాడు ఒర్మోన్. జుమాదిల్ రెండో బూటు కోసం వెతుక్కుంటున్నాడు. వెతుక్కునేలోపల అన్నీ కుదిరిపోయాయి.

ఇంటికి చేరేసరికి కబురు ఆయనకంటే ముందే చేరింది. భార్య బురుల్ పిండి కలుపుతోంది. పెద్దకొడుకును సైన్యానికి పంపిన రోజున కూడా కన్నీరు పెట్టని మనిషి, ఇప్పుడు పిండిచేతులతోనే కళ్ళు తుడుచుకుంది. కళ్ళచుట్టూ తెల్లగా అయింది.

"చూశావా? నిజంగా చూశావా ముసలాయనా?"

"ఆఁ."

"ఎలా నడిచాడు?"

"కాళ్ళతో."

"అది సరే, నన్ను పిలవొచ్చుగా!"

"నువ్వు పాలు పితుకుతున్నావు," అన్నాడు. మొదటి అబద్ధం పుట్టగానే రెండోదానికి ఇంత త్వరగా నడక వస్తుందని ఆయనకు తెలియదు.

కోడలు కనిషాయ్ బిడ్డను చంకనేసుకుని వచ్చి, తలమీద రుమాలు సర్దుకుని, కళ్ళు దించుకుంది. "మా గుండెల్లో బరువు దిగింది మామయ్యా. మీరు చూశారు, అది చాలు." పిచ్చిపిల్ల, కన్నతల్లి అయ్యుండి తొలి అడుగు తను చూడలేదని దిగులైనా లేదు, ముసలాడు చూశాడని మురిసిపోతోంది, ఈ ఇంట్లో ఇంత మంచితనం ఉందని ముందే తెలిస్తే అబద్ధం ఇంకెక్కడైనా ఆడేవాణ్ణి కదా, అనుకున్నాడు జుమాదిల్. ఈలోగా కోడలు ఫోన్ తీసి నారిన్‌లో ఉన్న పుట్టింటివాళ్ళను పిలిచేసింది. రెండు కార్లలో వస్తారట.

ఆయనకు దాక్కోవడానికి ఒకటే చోటు తోచింది. గదిలో చాప పరిచి సాయంత్రపు అసర్ నమాజుకు నిలబడ్డాడు. నుదురు నేలకు ఆన్చగానే బయేల్ పాక్కుంటూ వచ్చి వీపెక్కాడు. వాడికది అలవాటే. బిడ్డ కింద పడతాడని ఆయన లేవలేదు. నిజానికి లేవకుండా ఉండేందుకు సాకు దొరికిందని లోపల ఎక్కడో సంతోషించాడు. ఆ సంతోషానికి మళ్ళీ సిగ్గుపడ్డాడు. అప్పుడే పెద్ద డేగిసా మోసుకొచ్చిన ఇద్దరు పొరుగువాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూశారు.

"చూడు, దేవుడిచ్చిన సంతోషానికి తల ఎత్తడం లేదు," అన్నాడొకడు గొంతు తగ్గించి.

"అలాంటివాడు కాబట్టే అతనికి చూపించాడు," అన్నాడు రెండోవాడు.

బిడ్డ ఆయన రెండు చెవులూ పట్టుకుని గుర్రాన్ని తోలినట్టు తోలుతున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. అది పిడికిళ్ళ వల్లనో మాటల వల్లనో ఆయనకే తెలియలేదు.

ఇక ఒక్కటే దారి మిగిలింది. ఆదివారం లోపల వాడు నడిచితీరాలి. శనివారం పొద్దున బయేల్‌ను చంకనెత్తుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బిడ్డను గుంజకు ఆనించి నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చేతులు చాచాడు.

"రా నాన్నా. నడువు. నీకేం కాదు. తాత పరువు నీ కాళ్ళమీదుంది, రా."

బయేల్ ఆయన్ను చూశాడు. ముఖం వెలిగిపోయింది. దబ్బున కూర్చుని, నాలుగు కాళ్ళ మీద దిగి, తల వంచి, పొట్టేలులా దూసుకొచ్చి ఆయన మోకాలిని గుద్దాడు. వేసవి నుంచీ రోజూ పొద్దున తాతా మనవళ్ళు ఆడుకునే ఆట అది. బిడ్డ మర్యాదగా ఎదురుచూశాడు, తాత కూడా పొట్టేలై వస్తాడని. జుమాదిల్ కలకండ ముక్క చూపించాడు. వాడు పాక్కుంటూ వచ్చి దాన్ని తీసుకున్నాడు. ఇంకో ముక్క పైకెత్తి పట్టుకున్నాడు. వాడు నోరు తెరిచి కూర్చున్నాడు. పళ్ళతో పట్టుకుంటే వాడి ఎత్తుకు సరిపోతుందేమోనని, చివరికి తనే మోకాళ్ళ మీద దిగి, కలకండ పళ్ళమధ్య పెట్టుకుని, "లే, లే," అని ముక్కుతో అంటుండగా తలుపు తెరుచుకుంది. పాలచెంబుతో కనిషాయ్.

మామగారు నాలుగు కాళ్ళ మీద. నోట్లో కలకండ.

"బొత్తం పడిపోయిందమ్మా," అన్నాడు కలకండ మింగేసి.

"వెతకండి మామయ్యా," అని ఆమె వచ్చినంత నెమ్మదిగా తలుపు మూసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పెరట్లో కంబళ్ళు పరిచారు. టీ కాగే సమోవార్ పొగలు కక్కుతోంది. నూనెలో పొంగిన గోధుమపిండి బొర్సోక్‌లను బట్టమీద గుట్టగా పోశారు. నారిన్ కార్లు వచ్చాయి. వచ్చిన ప్రతివాడూ జుమాదిల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళారా చూశావట, అదృష్టవంతుడివి, అన్నాడు. ప్రతివాడికీ ఆయన తల ఊపాడు. తల ఊపినప్పుడల్లా తను ఇంకొంచెం పొట్టివాడైనట్టనిపించింది.

బురుల్ మనవణ్ణి నిలబెట్టి పట్టుకుని కాళ్ళకు తాడు కట్టింది. ఒక పోగు తెలుపు, ఒక పోగు నలుపు. జుమాదిల్ ఆ నలుపు పోగునే చూస్తున్నాడు. ఏటి గట్టునుంచి పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తి వస్తున్నారు. ఇప్పుడా తాడు కోస్తారు. కోస్తే వాడి దారి తెరుచుకున్నట్టు. దేని మీద తెరుచుకున్నట్టు? ఒక ముసలాడి గొప్పల మీద. రేపు వాడు గుర్రం మీంచి పడితే, బళ్ళో తడబడితే, పెళ్ళాం ముందు మాట రాక నీళ్ళు నమిలితే, అదంతా మసీదు గుమ్మం దగ్గర తను జారవిడిచిన మాటే. తన పరువు పోతే పోయింది, అదెలాగూ చివరికొచ్చింది. వాడిది ఇంకా మొదలవ్వలేదు.

జడలు ఎగరేసుకుంటూ ఓ పిల్ల అందరికంటే ముందొచ్చింది. ఎవరో దానికి చాకు అందించారు.

"ఆగండి!" అన్నాడు జుమాదిల్. ఆ గొంతు ఆయనకే పెద్దగా వినిపించింది. "కోయొద్దు. వాడు నడవలేదు. నేను చూడలేదు. మసీదు దగ్గర అబద్ధమాడాను. వాడింకా పాకుతూనే ఉన్నాడు."

సమోవార్ ఒక్కటే బుసకొడుతోంది. ఆయన నేలకేసి చూస్తున్నాడు. ఎవరైనా తిట్టాలని ఎదురుచూస్తున్నాడు. తిడితే తేలికవుతుంది.

"అంటే," అంది బురుల్ చివరికి, "నువ్వు చూడలేదా?"

"చెబుతున్నాగా, వాడు నడవనే లేదు!"

"వాడు నడవకపోవడమేంటి? కోతలప్పటినుంచీ కోడిపిల్లలా తిరుగుతున్నాడు! నువ్వు చూడలేదా అని అడుగుతున్నా!"

కనిషాయ్ ముఖం రుమాలుతో సమానంగా ఎర్రబడింది. "మామయ్యా, మొదట మీరే చూడాలని అత్తయ్య పట్టుబట్టింది. మీ ఎదుట వాడు నడిచేదాకా ఎవరూ నోరెత్తొద్దని ఊరందరిచేతా ఒట్టు వేయించింది. కానీ మిమ్మల్ని చూస్తే చాలు, వాడు నాలుగు కాళ్ళ మీద దిగిపోతాడు. మీతో ఉన్నప్పుడు అలాగే ఉండాలనుకుంటున్నాడు పాపం. శుక్రవారం మీరు నడిచాడనగానే, హమ్మయ్య అనుకున్నాం."

"మా ఇంటిదాకా నడిచొచ్చి నా గడ్డం పీకాడురా," అన్నాడు ఒర్మోన్. "నీకు చెబితే మళ్ళీ గడప తొక్కనివ్వనని మీ ఆవిడ బెదిరించింది. ఇంతకీ చూశావో లేదో కనుక్కుందామని మసీదు దగ్గర కాస్త గిల్లాను. నువ్వేమో నడిచాడన్నావు, అది నిజమైంది. ఇప్పుడు నడవలేదంటావు, ఇది అబద్ధమైంది. నీకు అబద్ధం ఆడటం కూడా చేతకాదురా జుమాదిల్!"

జనం నవ్వడం మొదలుపెట్టారు. నారిన్ వియ్యపురాలు నవ్వాపుకోలేక కంబళి మీద పక్కకు ఒరిగిపోయింది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేదన్నమాట. మూసుకుని ఉంటే మనవడు నడిచినవాడు, తను చూసినవాడు, అందరూ సంతోషించినవాళ్ళు. ఇప్పుడు మనవడు నడిచినవాడే, తను మాత్రం ఊరందరి ముందు అబద్ధాలకోరు, అదీ తన నోటితోనే. ఆయన మోల్దోగారి వైపు చూశాడు.

"గుమ్మం బయటే కదా అన్నావు," అన్నారు మోల్దోగారు కాసేపు ఆలోచించి. "లోపల అనలేదు. తాడు కోయండి."

తాడు తెగింది. అందరూ, "రా, రా," అని చప్పట్లు కొట్టారు. బయేల్ జనాన్ని కలియజూశాడు. జుమాదిల్ కనిపించాడు. వాడి ముఖం వెలిగింది. దబ్బున కూర్చుని, నాలుగు కాళ్ళ మీద దిగి, తల వంచాడు.

"ముసలాయనా, నువ్వు కాస్త అవతలికి పో," అంది బురుల్. కోపంగా కాదు, అలసిపోయి. "నువ్వు కనబడుతున్నంతసేపూ వాడు మనిషి కాడు."

ఆయన గడ్డివామి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఇటువైపు ఎవరూ లేరు. ముఖంలో వేడి ఇంకా దిగలేదు. తనకు కావలసింది వాడి నడకా, లేక నడిచాడని నలుగురితో చెప్పుకోవడమా? అడగాలనుకోని ప్రశ్న, కానీ గడ్డివామి వెనక ఇంకేం పనుంది. వేసవంతా వాడు తన చుట్టూ తిరిగాడు, తన చెవులు పట్టుకుని నవ్వాడు, తనతో ఉండటానికి రెండు కాళ్ళనూ వదులుకున్నాడు. అది కళ్ళముందే జరిగింది. దాన్నెప్పుడూ ఎవరికీ చెప్పాలని తోచలేదు, ఒర్మోన్ మనవడికి అలాంటిదుందో లేదో కూడా అడగలేదు.

అవతల జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దం ఎందుకో ఆయనకు తెలుసు. చూడకూడదనుకున్నాడు. చూశానని అన్నవాడికి ఇక చూసే హక్కు ఎక్కడిది. తల వంచుకుని, గడ్డి వాసన పీల్చుకుంటూ నిలబడ్డాడు. తర్వాత, ఎవరూ అటు రావడం లేదని కూడా చూసుకోకుండా, రెండు చేతులతో కాస్త గడ్డి పక్కకు తొలగించి ఆ సందులో కన్ను ఆన్చాడు.

వాడు ఏరు దాటుతున్నవాడిలా రెండు చేతులూ పైకెత్తి, పొట్ట ముందుకు తోసి, ఊగుతూ నడుస్తున్నాడు. ఎవరి ఒళ్ళోకీ కాదు. ఊరికే, బొర్సోక్‌ల గుట్ట వైపు.

అటునుంచి ఏమైనా కనబడిందా అని ఆ సాయంత్రం బురుల్ అడిగితే, ఈ ఏడు గడ్డి బాగా ఎండిందన్నాడు.